పేరు మార్చుకొచ్చిన మాత్ర గురించి

జైలు సూపరింటెండెంటు గారి సముఖమునకు,
చివరి బ్యారక్ ఖైదీ, పూర్వాశ్రమంలో లారీ మెకానిక్, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: రేపు నా దవడ పన్ను పీకిన పిమ్మట నాచేత నొప్పి మాత్ర మింగించరాదని ఉత్తర్వు కోరుట గురించి.

1. ఇక్కడి పద్ధతి ప్రకారం మాత్రను వార్డరు ఎదుటే మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపవలెను. మాత్రలు దాచి అమ్ముకునే మహానుభావుల మూలంగా వచ్చిన పద్ధతి ఇది. దానిపై నాకు ఫిర్యాదు లేదు.

2. పన్ను నొప్పికి కాంపౌండరు గారు మొదట ఎర్ర మాత్ర ఇచ్చారు. కాసేపటికే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచాయి. ఆ సంగతి చెప్పగా, "ఎర్రది పడలేదా? అయితే తెల్లది వేసుకో. దీని పేరే వేరు" అన్నారు. తెల్లదానికి కళ్ళు మూసుకుపోయాయి, గొంతు బిగుసుకుంది. ఊపిరాడక నేలమీద పొర్లుతూ గోళ్ళతో మెడ చీరుకున్నాను. నెత్తురు మరకలు గోడకు ఇంకా ఉన్నవి, తనిఖీ చేయించవచ్చును.

3. ములాఖత్‌కు వచ్చిన మా అక్క బయట డాక్టరమ్మను అడిగి వచ్చింది. "ఒరేయ్, పేర్లే వేరట. ఆ నొప్పి మాత్రలు చాలావరకు ఒంట్లో చేసే పని ఒకటేనట. ఒకటి పడకపోతే ఇంకోటీ పడకపోవచ్చట. పారాసిటమాల్ కొద్దిగా అయితే చాలామందికి పడుతుందట గానీ, నీకు అదైనా ఆసుపత్రిలో కూర్చోబెట్టి చూశాకే ఇవ్వాలంది" అని జాలీ అవతలి నుంచి చెప్పింది. ఇదే విన్నవించగా కాంపౌండరు గారు, "కథలు చెప్పకు" అన్నారు.

4. మూడోసారి పసుపు మాత్ర వచ్చింది. వద్దన్నాను. దాచుకోవడానికి నాటకమాడుతున్నానని వార్డరు గారు నా రొమ్ముమీద మోకాలు పెట్టి, ముక్కు మూసి, మాత్రను వేలితో గొంతులోకి నెట్టారు. ఆ వేలు నేను కొరికిన మాట వాస్తవం. ఎముక తగిలేదాకా కొరికాను. లాఠీ దెబ్బకు తల పగిలినా వదల్లేదు. వేలు లాక్కున్నప్పుడు మాత్ర కూడా బయటపడింది కనుక బతికాను.

రిపోర్టులో నన్ను కరిచే రకమని రాశారట. బావమరిదిని రాడ్డుతో కొట్టి వచ్చినవాణ్ణి, మంచివాణ్ణని చెప్పుకోను. కానీ అయ్యా, మనుషుల్ని తినే అలవాటు లేదు. నాకు భయం వేసింది. గొంతు మూసుకుపోతుంటే అరుద్దామన్నా అరుపు రాదు.

5. రేపు పన్ను పీకాక మాత్ర తప్పదనీ, ఈసారి నలుగురు పట్టుకుంటారనీ కాంపౌండరు గారు సెలవిచ్చి ఉన్నారు. నొప్పి ఎంతైనా ఓర్చుకుంటాను. ఆ మాత్రను మాత్రం ఓర్చుకోలేను.

కావున పై సంగతులు చిత్తగించవలెను. నాకు ఆ కోవ మాత్రలేవీ ఇవ్వరాదని డిస్పెన్సరీ తలుపుమీద రాయించి, నన్ను పెద్దాసుపత్రికి పంపవలెను.

తమ విధేయుడు,
పైన చెప్పిన ఖైదీ

తా.క.: రేపటిదాకా ఆగలేకపోయాను. పన్ను ఉంటేనే కదా పీకడం, పీకితేనే కదా మాత్ర అనుకుని, చెంచా కాడతో నేనే పెకలించుకున్నాను. పన్ను ఇందుతో జతపరచడమైనది. నెత్తురు ఆగడం లేదు. ఇవాళ డ్యూటీలో ఉన్న వార్డరు కొత్తవాడు, మనసున్నవాడు. నన్ను చూసి, "అయ్యో, ఎంత నొప్పిగా ఉందో పాపం, ఉండు, మాత్ర తెస్తా" అని కాంపౌండరు దగ్గరికి పరుగెత్తాడు. ఈ కాగితం బ్యారక్ ఊడ్చే అతనికి ఇస్తున్నాను. తమరు ముందు రండి.