వెనక సీట్లో నర్సమ్మ

ఏమండీ,

మీకు నా నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం, అక్కడ ఓడలో మీరూ క్షేమమని తలుస్తాను. ఇందులో మొదటి మాట ఎంతవరకు నిజమో ఉత్తరం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది. ఇంజను గది వేడికి లేచిన దద్దుర్లు తగ్గాయని రాశారు, సంతోషం. వంటింటి కప్పు కారడం ఆగిందా అని అడిగారు. ఆగలేదు. కింద గిన్నె పెట్టాను.

ఇక మీరు రాసిన దెయ్యం కథ సంగతి. తెల్ల యూనిఫారం వేసుకున్న నర్సు అర్ధరాత్రి టాక్సీ ఆపుతుందట. ఎప్పుడో మూతపడ్డ ప్రసూతి ఆస్పత్రికి పొమ్మంటుందట. సగం దారిలో డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తే సీటు ఖాళీ అట. మన ఊరి ఈ వింతను మీ ఓడ వంటవాడు భోజనాల దగ్గర చెప్పాడని రెండు పేజీలు నింపారు. పైగా చివర్లో, "నువ్వెప్పుడైనా చూశావా? అమ్మకు మాత్రం చెప్పకు, భయపడుతుంది" అని ఒక ముక్క.

చూశానండీ. రోజూ చూస్తున్నాను. పొద్దున్నే లేపి మొహం కడిగిస్తాను, తల దువ్వుతాను, అన్నం కలిపి పెడతాను. ఆ దెయ్యం మీ అమ్మ.

అత్తయ్యకు కాస్త మతిమరుపు అని రాస్తూ వచ్చాను. కాస్త కాదు. ఉద్యోగం నుంచి దిగిపోయిన సంగతే ఆవిడకు గుర్తుండటం లేదు. కొన్ని రోజులు పొద్దున ఆరింటికి డ్యూటీ ఉందని నాకంటే ముందే లేచి, యూనిఫారం వేసుకుని, టిఫిను డబ్బా పట్టుకుని బయటికి వెళ్లి, తను పనిచేసిన ఆ ఆస్పత్రికే పొమ్మని టాక్సీ ఎక్కుతారు. ఇస్త్రీ పెట్టె దాచాను. యూనిఫారం మడతపెట్టి పరుపు కింద పరుచుకుని పడుకోవడం మొదలుపెట్టారు. తెల్లారేసరికి ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది! దారిలో ఏ గర్భిణో, ఏడుస్తున్న బిడ్డో కనిపిస్తే సిగ్నల్ దగ్గర తలుపు తీసుకుని దిగిపోతారు. డ్రైవరు చూపు ఎర్రదీపం మీద ఉంటుంది. మాయమైపోవడమంటే ఇంతే.

దీనికి ఊరు అల్లిన చిలవలు పలవలు వింటే ఒళ్లు మండిపోతుంది. అర్ధరాత్రి అట! రాత్రి ఎనిమిదయ్యేసరికి గురక పెట్టే మనిషి. చేతులు మంచుగడ్డల్లా ఉంటాయట. పావుగంటకోసారి చన్నీళ్లతో చేతులు కడుక్కునే నర్సుకు చేతులు చల్లగా కాక ఎలా ఉంటాయి? కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయట. అమ్మ మోకాలు ఎలా ఉందని అడిగారుగా, ఆ కాళ్లకు రోజూ నూనె రాసేది నేనే. వేళ్లు ముందువైపే ఉన్నాయి. నేను పనిచేసే కుట్టు దుకాణంలో ఈ మధ్య ఇంకో ముక్క చేర్చారు, పసిపిల్లల్ని ఎత్తుకుపోతుందట. ముప్పై నాలుగేళ్లు పిల్లల్ని తల్లుల చేతుల్లో పెట్టిన మనిషిని! ఈ ఊరి టాక్సీవాళ్లలో సగం మందికి బొడ్డు కోసింది ఆవిడే. ఇంత కోపం ఉన్నా ఆ దుకాణంలో మాత్రం నేను నోరు విప్పలేదు, మిషను తొక్కుతూ కూర్చున్నాను. ఎందుకో చెబుతాను.

ముందు, రెండు వారాల కిందటి మంగళవారం సంగతి వినండి. ఆ తెల్లవారుజామున అత్తయ్య వానలో చౌరస్తా దగ్గర నిలబడి చెయ్యెత్తారు. ఒక్క బండీ ఆగలేదు. ఒకడు ఆపబోయి, మొహం చూసి, కేక పెట్టి బండి దూకించాడు. బురద నీళ్లు మీద పడి, వెనక్కి జరగబోయి జారి పడ్డారు. బస్సు కోసం నిలబడ్డ జనంలో ఒక్కరూ దగ్గరికి రాలేదట. ఆవిడే లేచి, వాచిన ఎడమచేయి పట్టుకుని ఇంటికి నడిచి వచ్చారు.

"బళ్లన్నీ నిండుగా ఉన్నాయే అమ్మాయ్. నన్ను చూసి కూడా పోతున్నారు. నేనేమైనా తప్పు చేశానా?" అని అడిగారు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. అది తెలిసేదాకా ముసలావిడ వానలో నిలబడాలన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. ఇది రాయలేక మూడు కాగితాలు చించాను. ఐదు నెలల కిందట పోలీసులు అత్తయ్యను రెండోసారి ఇంటికి తెచ్చి దింపారు. "ఇంకోసారి ఒంటరిగా రోడ్డు మీద కనబడితే వృద్ధాశ్రమంలో చేర్పిస్తాం. మీకు చూసుకోవడం చేతకావడం లేదు" అని చెప్పి వెళ్లారు. వారం తిరక్కుండానే మీసాల డ్రైవరొకాయన మన తలుపు తట్టాడు. చేతిలో అత్తయ్య టిఫిను డబ్బా. మూత మీద చెక్కిన ఇంటి నంబరు చూసి వెతుక్కుంటూ వచ్చాడు, పాపం.

"నర్సమ్మగారు ఈ ఇంట్లోనే ఉంటారామ్మా? సిగ్నల్ దగ్గర చూస్తే బండిలో లేరు. ఏమైపోయారో ఏమో, స్టేషన్లో చెప్పేసి వస్తాను" అంటూనే గోడ మీది ఫోటో చూశాడు. "ఈవిడే! ఇందాక ఎక్కింది ఈవిడే!"

స్టేషను అనగానే పోలీసుల హెచ్చరిక గుర్తొచ్చింది.

"ఆవిడా? ఆవిడ పోయి మూడేళ్లయింది" అన్నాను.

ఆయన డబ్బా గడప మీద పెట్టి, మెట్లు రెండేసి చొప్పున దిగి పారిపోయాడు. గండం గడిచిందనుకున్నాను. అప్పటికి అత్తయ్య ఎక్కడున్నారో కూడా నాకు తెలియదు. పరుగెత్తుకెళితే ఆస్పత్రి మెట్ల మీద, తాళం ఎప్పుడు తీస్తారా అని కూర్చుని ఉన్నారు. అర్ధరాత్రిని, కాళ్లను ఊరు చేర్చింది. ఆ దెయ్యానికి ప్రాణం పోసింది మాత్రం నేను. ఇంతసేపూ ఊరిని తిట్టిన తిట్లలో సగం నాకే రావాలి.

ఆవిడ పడ్డ రెండు రోజులకు, గురువారం నాడు, అత్తయ్యకు యూనిఫారం నేనే తొడిగి, కట్టు కట్టిన చేయి పట్టుకుని టాక్సీ స్టాండుకు తీసుకెళ్లాను. పట్టపగలే డ్రైవర్లు తలోవైపు జరిగారు. మీసాలాయన తన బండికి ఆనుకుని బిగుసుకుపోయాడు.

"అన్నా, ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను. మా అత్తగారు బతికే ఉన్నారు. మీ భయం వల్ల ఆవిడ చెయ్యి బెణికింది. ఆ భయం పెట్టింది నేను" అన్నాను.

అత్తయ్య ఆయన మొహంలోకి కాసేపు చూసి, నా చేయి వదిలించుకుని వెళ్లి ఆయన మణికట్టు పట్టుకున్నారు. ఎప్పుడో ఆగిపోయిన తన గడియారం వైపు చూస్తూ లెక్కపెట్టారు.

"నాడి ఇంత వేగంగా ఉందేం బాబూ? దేన్ని చూసి భయపడ్డావు?"

అంత మనిషీ చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఇప్పుడు డ్యూటీ గుర్తొచ్చిన రోజున ఆయనే వచ్చి తీసుకెళుతున్నాడు. ఆస్పత్రి తలుపుకు తాళం చూసి "ఇవాళ సెలవల్లే ఉంది" అంటారట అత్తయ్య. మళ్లీ తెచ్చి దింపుతున్నాడు.

ఊళ్లో కథ మాత్రం ఆగలేదు. మీ ఓడలోనైనా ఆపండి. ఆ నర్సు మా అమ్మ అని మీ వంటవాడికి చెప్పండి. చనిపోయిందని ఎవరు చెప్పారంటే నన్ను దాచకండి. నన్ను తిట్టాలనుకుంటే సెలవు పెట్టి వచ్చి, ఎదురుగా నిలబడి తిట్టండి. మీ పేరు వింటే ఆవిడ ఇంకా తలెత్తి చూస్తున్నారు. అది కూడా పోకముందే రండి.

ఇట్లు,
బతికున్న మీ అమ్మను పోయిందన్న
మీ భార్య