నాన్న పెట్టుకున్న గీత

తమ్ముడూ,

కొత్త ఆంప్లిఫయర్ బల్ల మీద పెట్టాను. ఎర్ర వైరు ఎర్రదాంట్లోనే పెట్టు. స్పీకర్లని గోడకి ఆనించకు, జానెడు ఖాళీ వదులు. ఇరవై వాట్లేనా అని మూతి ముడవకు. ఈ గదికి, మనిద్దరికి, అదే ఎక్కువ.

కొట్టతను ఎంత సౌండు కావాలని అడిగితే అలవాటుకొద్దీ గొంతు చించుకుని జవాబు చెప్పాను. అతను బిత్తరపోయాడు. నాన్న పోయి రెండు నెలలైంది. ఆయన చెముడు కోసం పెంచిన గొంతులు మనకింకా తగ్గలేదు, గమనించావా?

నాన్న పాత ఆంప్లిఫయర్‌ని మాత్రం పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యకు. నిన్న నువ్వా మాట అన్నప్పుడే నాకు చివుక్కుమంది. దాని నాబ్ పక్కన ఆయన నా నెయిల్ పాలిష్‌తో పెట్టుకున్న గీత ఉంది. అక్కడిదాకా తిప్పితేగానీ ఆయనకి పాట వినబడేది కాదు.

– అక్క

అన్నట్టు, కిందింటి పిన్నిగారు పొద్దున మెట్ల మీద ఆపి, "ఈమధ్య మీ ఇంట్లో చప్పుడే లేదేంటమ్మా?" అన్నారు. చప్పుడు ఎక్కువైందని చీపురుకర్రతో వాళ్ళ పైకప్పు పొడిచేది ఈవిడే! ఆ పోట్లు పాదాలకి తగిలితే, పాటలో తాళమనుకుని నాన్న తలూపేవాడు. సాయంత్రం పాతదాన్ని ఒక్కసారి ఆ గీత దాకా తిప్పుదాం. పిన్నిగారిని చీపురుకర్ర దగ్గర పెట్టుకోమన్నాను.