కిటికీ మొక్కకు తెల్లగుడ్డ

డా నాంగ్, మంగళవారం

అన్నయ్యకు,

నేను కులాసా. నాన్న గది కిటికీ దగ్గర్నుంచి తెచ్చుకున్న తెల్లపూల మొక్క కూడా బతికింది, వదినను బెంగపడొద్దను.

పెద్ద కుండీలోకి మార్చిన మర్నాడే ఆకులన్నీ వేలాడేసింది. కంగారుపడి పొద్దునా సాయంత్రం నీళ్లు పోశాను. కింది వాటాలో ఉండే థాప్ అవ్వ వచ్చి, మట్టిలో వేలు పెట్టి చూసి, "ముంచి చంపుతున్నావు కదే! వేళ్లు ఆరనియ్యి, ఎండలోంచి తియ్యి," అని కసిరింది. అంతటితో ఊరుకోలేదు. "మీ నాన్న పెంచిందేగా ఇది? మరి దీనికి తెల్లగుడ్డేదే?" అంది.

నాన్న పోయిన రోజు పెరట్లో పోకచెట్లకూ పనసకూ నువ్వే తెల్లగుడ్డ పీలికలు కట్టావు. ఇంట్లో ఉన్న దీన్ని ఎవరమూ తలుచుకోలేదు. "పెంచినవాడు పోయాడని దానికెలా తెలుస్తుందే?" అంది అవ్వ. నా తలకు కట్టుకున్న సంతాపపు గుడ్డ అంచు చింపి కట్టాను. ఊరికే కడితే చాలదట, నోటితో చెప్పాలట. "నాన్న లేరు" అన్నాను. ఆ మాట పైకి అనడం నాకదే మొదటిసారి.

పదిహేను రోజులకు కొత్త ఆకొకటి చుట్ట విప్పుకుంది.

వంటింటి కప్పు కారడం ఆగిందా? వదిన ఊరబెట్టిన పుల్లటి రొయ్యలు ఒక సీసా ఎవరిచేతైనా పంపు. నాన్న వందో రోజు కర్మకు మొక్కతో వస్తాను, దాని పీట కదపకండి. పిల్లలకు ముద్దులు.

నీ చెల్లి,
దియెప్

చోటు చాలక అంచున రాస్తున్నాను: ఆ రోజు పనస దగ్గర నువ్వు చాలాసేపు నిలబడ్డావు. దానికేం చెప్పావు, అన్నయ్యా?