నాన్న స్టాంపుల్లో నీ వాటా

అన్నయ్యకి,

నా చేతిరాత చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. నాన్న స్టాంపుల ఆల్బం నిన్న పాత స్టాంపులు కొనే దుకాణంలో చూపించి విలువ కట్టించాను, అంతే.

దుకాణం ముసలాయన పట్టకారుతో ఒక్కొక్కటీ ఎత్తి భూతద్దంలో చూశాడు. వెనక జిగురు కూడా చూశాడు. స్టూలు మీద కూర్చుని కూర్చుని నా నడుం పడిపోయింది. చివరికి, "ఇవి అప్పట్లో ఇంటింటా దాచుకున్నారమ్మా. అందుకే ఎక్కడ చూసినా ఇవే. మీద అచ్చేసిన ధరే వీటి ధర. ఉత్తరాలకి అంటించుకోండి," అన్నాడు.

ఈ ఆల్బం కోసమేగా నువ్వు నన్ను దొంగ అన్నది? ఆ మాట పట్టుకుని నేనూ ఆరేళ్ళు నీ గుమ్మం తొక్కలేదు. బీరువా తాళంచెవి తలగడ కింద పెట్టుకుని పడుకున్నాను. వదినకి ఆపరేషన్ అని తెలిసి కూడా రాలేదు. ఇంక ఈ పంతం మొయ్యడానికి నాకు ఓపిక లేదు.

పాత ధరలు కదా, ఈ కవరుకి ఇరవై రెండు స్టాంపులు పట్టాయి. వెనకవైపు కూడా అంటించాను. అవన్నీ నా వాటావే. నీ వాటా లోపల పెట్టాను. తొమ్మిది ఉత్తరాలకి వస్తాయి. మొదటిదాంట్లో వదిన ఎలా ఉందో రాయి.

నీ చెల్లెలు