మైనపు రాజుకు రెండు పూటలా

అక్టోబర్ 9
పొద్దున ఆరింటికి ఆయన పోయారు. నాకు ఏడుపు రాలేదు. తెల్లబట్టలు కట్టి, కిటికీలన్నీ మూసి ఈ గదిలో కూర్చోబెట్టారు. నలభై రోజులు గడప దాటకూడదు. ఇక్కడి రాణులందరూ ఇలాగే కూర్చున్నారట.

అక్టోబర్ 12
కింద హాల్లో ఆయన మైనపు బొమ్మను పెట్టారు. రెండు పూటలా దాని ముందు భోజనం వడ్డించి, తర్వాత బీదలకు పంచుతారు. సమాధి చేసేదాకా రాజు బతికున్నట్టే. ముసలి దాసి పెరిన్ చూసొచ్చింది. బొమ్మ నవ్వుతోందమ్మా, అయ్యగారికి ఇన్నాళ్లకు ఎవరో నేర్పారు అంది. నాకు నవ్వూ రాలేదు.

అక్టోబర్ 15
మరిది డ్యూక్ తిబో తలుపు అవతల నిలబడి మాట్లాడాడు. వదినా, ఎల్లుండి అన్నయ్యను సమాధి చేసేద్దాం, సమాధి అయిన సాయంత్రమే కౌన్సిల్ కూర్చుంటుంది, నువ్వు రాలేవుగా, నేను చూసుకుంటాలే అన్నాడు.

వారసురాలు పెద్దయ్యేదాకా రాజ్యం చూసేది రీజెంట్. తల్లి కౌన్సిల్‌కు వచ్చి అడిగితే ఆ పదవి తల్లిదే. రాకపోతే అతనిది. మా పాప ఒడిల్‌కు నాలుగేళ్లు. రీజెంట్ ఎవరైతే వాళ్ల దగ్గరే పెరగాలి. తిబో అయితే తన కోటకు తీసుకెళ్లి తన కొడుక్కి కట్టబెడతాడు. నేను ఇప్పుడే గడప దాటితే నియమం తప్పినదాన్ని, ఏ హక్కూ ఉండదు.

అంతా తెలుసు. భయం మాత్రం వేయడం లేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కినట్టుంది.

అక్టోబర్ 16, ఉదయం
వంటశాల పెద్ద గ్రెగ్వార్ వచ్చాడు. రేపటి నుంచి మెనూ అక్కర్లేదంట కదమ్మా అన్నాడు.

పందొమ్మిదేళ్లలో ఈ రాజ్యం నా చేతికిచ్చిన పని ఆయన భోజనం ఒక్కటే. రాణి రాసిచ్చింది వడ్డించి తీరాలి. వడ్డించాల్సిన పూట ఉండగా రాజును సమాధి చేయకూడదు.

కాగితం తెమ్మన్నాను. బాతు, టర్నిప్, పియర్ పండ్లు. ఉల్లి వద్దు. ఆయనకు పడదు. నాకు ప్రాణం. మా పుట్టింట్లో ఉల్లి లేని పూట లేదు. ఇక్కడికొచ్చాక ముట్టలేదు.

ఆ కిందే మర్నాటిదీ రాశాను. గ్రెగ్వార్ కాగితం చూసి, నన్ను చూసి, అయ్యగారికి మొదట్నుంచీ ఆకలెక్కువే అన్నాడు.

అక్టోబర్ 24
తిబో అరిచి వెళ్లాడు. మైనం ముద్దను ఎన్నాళ్లు మేపుతావు, ఊరు నవ్వుతోంది అన్నాడు. ఊరు నవ్వడం లేదట. చచ్చాకైనా మా కడుపు చూశాడు అని గేటు దగ్గర బీదలు అనుకుంటున్నారని పెరిన్ చెప్పింది.

నవంబర్ 2
చేప. ఉల్లి లేకుండా.

నవంబర్ 10
ఒడిల్‌ను తీసుకొచ్చారు. నాన్న అన్నం తింటున్నాడా అని అడిగింది. తింటున్నాడన్నాను. మరి నాతో మాట్లాడడేం అంది. నోట్లో ముద్ద ఉందిగా అన్నాను. అది వెళ్లాక రేపటి మెనూ రాశాను.

నవంబర్ 17
నలభై నిండాయి. గడప దాటాను. వెలుతురుకు కళ్లు మండాయి. ఆఖరి పూట నేనే వడ్డించాను. నిజమే, బొమ్మ నవ్వుతోంది.

నవంబర్ 18
పొద్దున సమాధి. సాయంత్రం కౌన్సిల్‌కు వెళ్లి నిలబడ్డాను. నియమం ఒక్కటీ తప్పలేదు కాబట్టి అడ్డు చెప్పడానికి వాళ్లకు ఏమీ దొరకలేదు. రీజెంట్‌ని నేనే. తిబో వంగి దండం పెట్టాడు. ఒడిల్ ఇప్పుడు నా పక్కనే నిద్రపోతోంది. సంతోషించాలి. రేపు చూద్దాం.

నవంబర్ 19
ఇవాళ ఏం వండమంటారని గ్రెగ్వార్ అడిగాడు. ఎవరికి అన్నాను. మీకేనమ్మా అన్నాడు.

చాలాసేపు ఆలోచించాను. ఉల్లి వద్దన్నాను.