స్వాగతం బోర్డుల ట్రక్కు

ఆల్డర్ రిడ్జ్, న్యూజెర్సీ
మంగళవారం

క్విన్స్ వీధి పన్నెండో నంబరు ఇంటి యజమాని గారికి,

ఇళ్ల యజమానుల సంఘం కార్యదర్శి పర్వానే లిండ్‌క్విస్ట్ ఆప్యాయంగా రాస్తున్నది. మీ ఇంట్లో పనులు జరుగుతున్నందుకు సంతోషం. కానీ మీ పనివాడి ట్రక్కు వసంతం నుంచీ వాకిట్లోనే ఉంది. నెత్తిన గొట్టాలు, తలుపు మీద ఇంత లావు కొళాయి బొమ్మ. అన్ని దేశాలవాళ్లూ కలిసిమెలిసి బతుకుతున్న ఊరని మన గురించి ఒక పత్రిక రాయబోతోంది. శనివారం ఫొటోగ్రాఫర్ వస్తున్నాడు. లోకం మన మొహాలు చూడాలా, ఆ కొళాయి చూడాలా? దయచేసి ట్రక్కును గ్యారేజీలో పెట్టించండి.

మీ మేలు కోరే
పర్వానే

తా.క. మన వీధిలో ఎన్ని భాషలు వినిపిస్తాయో లెక్కలేదు. ఇళ్ల రంగు మాత్రం ఒక్కటే, ఓట్స్ జావ రంగు. ఆ కట్టుబాటు మీ పనివాడికి కూడా చెప్పగలరు.

*

బుధవారం

పర్వానే గారికి,

పన్నెండో నంబరు నుంచి నిల్టన్ తవారెస్. ఆ ట్రక్కు మా పనివాడిది కాదు. అంటే పనివాడిదే, ఆ పనివాణ్ని నేనే, ఇల్లూ నాదే. మా ఫిలొమెనా అత్త ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి కొన్న ఇల్లు ఇది. మోకాళ్లు చలికి ఓర్చుకోలేక ఫ్లోరిడా వెళ్లిపోతూ నా పేర రాసింది. నేను ప్లంబర్ని. ట్రక్కు లేని రోజు నాకు పని లేదు. వీధి చివర వదిలితే తెల్లారేసరికి పనిముట్లుండవు.

గ్యారేజీలో పెట్టమన్నారు. గ్యారేజీలో మీరున్నారు. వీధి విందుకు మీ సంఘం వాడే మడత బల్లలు, బొగ్గు పొయ్యిలు, గుడారాలు, తలో భాషలో రాసి మిగిలిపోయిన స్వాగతం బోర్డులు, అన్నీ అత్త మొహమాటపడి దాచిపెట్టినవే. అవి పట్టుకెళ్లండి, ట్రక్కు పెడతాను.

నిల్టన్

తా.క. రోజూ పొద్దున కుక్కను తిప్పుతూ నాకు చెయ్యి ఊపుతారు కదా. ఎవరనుకొని ఊపుతున్నారు?

*

గురువారం

పన్నెండో నంబరులో పనిచేస్తున్న నిల్టన్ గారికి,

ఇల్లు నాదే అనుకొని పనిచేసే మీ మనసును కమిటీ మెచ్చుకుంది. అయితే యజమానురాలు ఊళ్లో లేనప్పుడు మీరు అక్కడే మకాం పెట్టడం, ఆవిడ ఉత్తరాలు విప్పడం మాకు కొంచెం కంగారు కలిగించాయి. మేం ఎవరినీ తక్కువగా చూసేవాళ్లం కాము. మా కోశాధికారి క్వాబెనా ఒఫోసు గారు పోయినేడు ఒక పనివాడితో నిలబడి మాట్లాడారు కూడా.

నిబంధన మాత్రం నిబంధనే. వాకిట్లో వ్యాపారం రాతలు కనిపించకూడదు. ఎంత పెద్దదైనా పెట్టుకోగలిగింది స్వాగతం బోర్డు ఒక్కటే. శుక్రవారం సాయంత్రానికి ట్రక్కు కదలకపోతే దాన్ని ఈడ్చుకెళ్లడానికి లాగుడు బండిని పిలవక తప్పదు.

పర్వానే

తా.క. మా నేలమాళిగలో ఒక గొట్టం మూలుగుతోంది. మా ఆయన గున్నార్ గాలి అంటాడు. భయపడాలా?

*

శుక్రవారం

పర్వానే గారికి,

గోడ లోపల గాలి వీచదని గున్నార్‌కి చెప్పండి.

నిన్న మీ క్వాబెనా గారు వచ్చి గంట కొట్టారు.
"యజమాని ఉన్నారా బాబూ?"
"ఉన్నాడు."
"కాస్త పిలుస్తావా?"
లోపలికెళ్లి, చొక్కా మార్చుకొని, మళ్లీ తలుపు తీశాను. "చెప్పండి" అన్నాను.
"తొందరేం లేదు. ఆయన వీలు చూసుకొనే వస్తాలే" అని వెళ్లిపోయారు.

ఒళ్లు మండిపోయింది. పచ్చిక మీద అందరికీ స్వాగతమని బోర్డులు పాతుకుంటారు, దాని పక్కన నిలబడ్డ మనిషి మాత్రం మీ కంటికి ఆనడు. సరే, మీ నిబంధన చదివాను. గ్యారేజీలో మీ బోర్డులున్నాయిగా, అన్నీ తీసి ట్రక్కు చుట్టూ బిగించాను. కొళాయి కనిపించదు. ఇప్పుడది బండి కాదు, స్వాగతం. లాగించుకుంటే లాగించుకోండి. ఫొటో బాగా వస్తుంది.

నిల్టన్

తా.క. కొరియా భాష బోర్డు తలకిందులైందేమో. పదో నంబరు పెద్దావిడ చూసి పగలబడి నవ్వింది, ఎందుకో చెప్పలేదు.

*

శనివారం

నిల్టన్ గారికి,

ఏమని రాయను. ఫొటోగ్రాఫర్ మేం కత్తిరించిన పూలపొదల వంక చూడలేదు. మీ ట్రక్కు చుట్టూనే తిరిగాడు. వచ్చే శనివారం పొద్దుటెండలో మళ్లీ తీస్తాడట, ముఖచిత్రమట. కాబట్టి కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. అప్పటిదాకా ట్రక్కు అంగుళం కదలకూడదు. కదిలిస్తే లాగుడు బండిని పిలిపించి, మళ్లీ మీ వాకిట్లోకే లాగిస్తాం.

పర్వానే

తా.క. మీ యజమానికి మా అభినందనలు చెప్పండి.

*

సోమవారం

పర్వానే గారికి,

ట్రక్కు కదలకూడదని మీ శనివారం ఉత్తరం. నేలమాళిగలో నీళ్లు మోకాళ్లదాకా వచ్చాయి, ట్రక్కుతో వెంటనే రమ్మని గున్నార్ తడి చెప్పులతో తెచ్చిన చీటీ. రెండింటి మీదా సంతకం మీదే. వీధిలో నీళ్లు కట్టేశాను, ఇక పెరగవు. గొట్టం మార్చాలంటే సామానంతా ట్రక్కులోనే ఉంది. దాన్ని కదపాలంటే కమిటీ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నట్టు రాసి పంపండి. రాసేటప్పుడు పైన నన్ను ఎవరని సంబోధిస్తారో, అది కూడా ఆలోచించుకోండి.

నిల్టన్

తా.క. గున్నార్‌ని పొడి బట్టలు కట్టుకోమనండి. ఇప్పటికీ గాలే అంటున్నాడు.

*

శనివారం

పన్నెండో నంబరు ఇంటి యజమాని నిల్టన్ తవారెస్ గారికి,

సోమవారం కమిటీ మా నేలమాళిగ మెట్ల మీదే, ప్యాంట్లు పైకి మడుచుకొని సమావేశమైన సంగతి మీకు తెలుసు. మీ ట్రక్కు మీ ఇష్టమని ఆ తీర్మానం. క్వాబెనా గారు ప్రతిపాదించారు, నీళ్లలోంచి.

ఈ ఉదయం జరిగింది మాత్రం మీకు సగమే తెలుసు. వారమంతా ట్రక్కు మా వాకిట్లోనే ఉంది కాబట్టి ఫొటోగ్రాఫర్ మా తలుపు కొట్టాడు. కాళ్లకు రబ్బరు బూట్లు, చేతిలో బకెట్టుతో నేనే తీశాను. "యజమానురాలు ఉన్నారా అమ్మా?" అన్నాడు. లోపలికెళ్లి స్కార్ఫు మార్చుకొని వచ్చాను. "పర్లేదు, ఆవిడ వచ్చేదాకా ఆగుతాను" అన్నాడు. అంతలో మీరు చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చారు. "మీరేనా ఇంటి యజమాని?" అని మిమ్మల్ని అడిగాడు. అవునన్నారు. అబద్ధం కాదు, ఇల్లే వేరు.

కాబట్టి ముఖచిత్రం మీద ట్రక్కు పక్కన యజమాని మీరు. మూలన బకెట్టు పట్టుకున్న పనిమనిషిని నేను. మధ్యాహ్నమంతా ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాత మీ శుక్రవారం ఉత్తరం తీసి మళ్లీ చదువుకున్నాను.

రేపు మేమంతా వచ్చి గ్యారేజీ ఖాళీ చేస్తాం.

మీ వీధి మనిషి
పర్వానే

తా.క. ఎవరనుకొని ఊపుతున్నానని అడిగారు. కిటికీలో ఫిలొమెనా గారున్నారనుకొని. మీరు రాసేదాకా ఆవిడ వెళ్లిపోయిందనే నాకు తెలియదు. రేపు మీకే ఊపుతాను.