మెకానిక్ పెట్టిన రూల్

మార్చి 3, సోమవారం
పిన్ని టైలర్. పాత మిషన్ పాడైపోతే కొత్తది కొంది. రెండు రోజులుగా గుడ్డ కింద దారం ఉండ కడుతోంది. శనివారానికి అరవై స్కూల్ యూనిఫాంలు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆర్డర్ పక్క వీధి షాపుకి పోతుంది.

కుట్టు మిషన్ల ఆన్‌లైన్ గ్రూపులో అడుగుదామన్నాను. విలేకరిగా ఒక వార్త కోసం చేరి, వదల్లేక ఉండిపోయిన గ్రూపు. 340 మంది. అడ్మిన్ ఒక మెకానిక్. పోయిన నెల కంపెనీ ఇంజనీర్ ఒకాయన చేరాడు. ఆయన ముందు మన వెటకారాలు బయటపడితే పరువు పోతుందని మెకానిక్ రూల్ పెట్టాడు. ఇంగ్లీష్ ఓన్లీ. తెలుగు మాట్లాడితే వారం బయట.

మార్చి 4
పిన్ని చెప్పింది, నేను ఇంగ్లీషులో టైప్ చేశాను. పన్నెండు జవాబులు. తొమ్మిది 'ప్లీజ్ చెక్ ది మాన్యువల్'. రెండు 'గుడ్ లక్ మేడమ్'. ఒకటి పువ్వు బొమ్మ.

పెళ్లికొచ్చిన చుట్టాల్లా అందరూ నవ్వేవాళ్లే గానీ ఒక్కడూ గరిటె పట్టుకోడేమిట్రా అంది పిన్ని.

మార్చి 5
దారం అలాగే ఉంది.

మార్చి 6, ఉదయం 11
నేను వద్దంటున్నా పిన్ని గ్రూపులో తెలుగులో వాయిస్ మెసేజ్ పెట్టేసింది. ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను, ఈ మిషన్ నాతో మళ్లీ ఓనమాలు దిద్దిస్తోంది, మీ గుడ్ లక్కులు నాకొద్దు, తెలిసినవాడు నోరు విప్పండి నాయనా అని.

ఆరు నిమిషాల్లో ఇరవై మూడు జవాబులు. అన్నీ తెలుగే. సూది తిరగేసి పెట్టావేమో చూడు వదినా అని ఒకావిడ. కళ్లజోడు పెట్టుకునే చూశానంది పిన్ని. అయితే జోడు తుడుచుకో అంది ఆవిడ.

అప్పుడు మెకానిక్ దిగాడు, తెలుగులోనే. దారం ఎక్కించేటప్పుడు గుడ్డని నొక్కిపట్టే ఆ ఫుట్ దించి ఉంచుతావా అక్కయ్యా అని అడిగాడు. ముప్పై ఏళ్లుగా అంతేగా అంది. పాత మిషన్ నిన్ను ఓర్చుకుంది, ఇది ఓర్చుకోదు, ఫుట్ ఎత్తి ఎక్కించు అన్నాడు.

11.40
కుట్టు పడింది. తిన్నగా.

ఇది మా మాన్యువల్ నాలుగో పేజీలోనే ఉందండీ, ఎవరూ చదవరు అని కంపెనీ ఇంజనీర్ రాశాడు. తెలుగులో.

సాయంత్రం
రూల్ ప్రకారం ఇంతమందినీ తీసేస్తే జవాబు చెప్పేవాళ్లు మిగలరు. మెకానిక్ తన్నొక్కణ్ణే వారం పాటు గ్రూపులోంచి తీసేసుకున్నాడు. వద్దని ఫోన్ చేశాను. రూల్ పెట్టినవాడే తప్పాక ఇంకొకర్ని అనడానికి మొహమెక్కడిది సార్ అన్నాడు.

మార్చి 8
పిన్ని అరవై ఇచ్చేసింది. ఒకదానికి మూడో గుండీ లేదు. స్కూల్ వాళ్లు చూడలేదు. నేను చూశాను.

మార్చి 9
గ్రూపులో ఏం మాట్లాడుకుంటున్నారు అక్కయ్యా అని మెకానిక్ పిన్నికి ఫోన్ చేశాడు. రూల్ రూలేనంటూ ఇంగ్లీషులో చెప్పింది. ఆమెకి వచ్చిన ఇంగ్లీషు రెండు నిమిషాలది. అరగంట చెప్పింది.